పెద్ద కంప్యూటర్ దగ్గర గుమాస్తా కిటుకులు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను కంప్యూటర్ మీద మాట్లాడమన్నారు. ముందే ఒప్పుకుంటున్నాను, నాకు కంప్యూటర్ రాదు. 1971లో ఎల్.డి.సి.గా చేరి, 2007లో సీనియర్ అసిస్టెంటుగా దిగినవాణ్ణి. ఆఖరు రోజుల్లో నా బల్ల మీద ఒక కంప్యూటర్ పెట్టారు గాని, దాన్ని నేను రెమింగ్టన్ టైపు మిషనులాగానే వాడాను. అయితే మా పెద్దోడి పుణ్యాన కొన్నేళ్ల కింద ఒక వింత కంప్యూటర్ చూశాను. దాని దగ్గర వాడు పాటించే పద్ధతులు చూసి, ఇవన్నీ మన దఫ్తరుల్లోవే గదా అనుకున్నాను. ఆ సంగతే ఇవాళ చెప్తాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మావాడు హైదరాబాదు నుంచి పెండ్లాం పిల్లలతో కామారెడ్డికి వచ్చి మేడమీద గదిలో మకాం పెట్టాడు. పగలంతా నిద్ర, రాత్రంతా పని. ఒకనాటి రాత్రి రెండింటికి నీళ్లకోసం లేచి పైకి చూస్తే లైటు వెలుగుతున్నది. వెళ్లి చూస్తే నల్లటి తెర, దానిమీద పచ్చ అక్షరాలు. బొమ్మ లేదు, రంగు లేదు, మౌసుతో పనే లేదు.

"ఏందిరా ఇది, పాడైందా?" అన్నాను.

"పాడుగాలే బాపు. ఇది మెయిన్‌ఫ్రేమ్. ఇది పాడైతే ఆడ అమెరికాల బ్యాంకే ఆగిపోతది" అన్నాడు.

నిద్ర ఎట్లాగూ పట్టదు మన వయసులో. స్టూలు లాక్కొని కూర్చున్నాను. అట్లా ఆ మూడు నెలలూ నాకు రాత్రి బడి నడిచింది. మా ఇంటామె వచ్చి, "మీ ఇద్దరికి పనిలేదా, గింత రాత్రి ఏం ముచ్చట్లు?" అని కోప్పడి పోయేది.

మెయిన్‌ఫ్రేమ్ అంటే లక్షలమంది లెక్కలు ఒక్కచోట నడిపే పెద్ద యంత్రం. బ్యాంకులు, బీమా కంపెనీలు, విమాన టికెట్లవాళ్లు దీన్ని వదలరు. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. వాళ్లు సిస్టమ్ 360 అని ఒకటి ప్రకటించారు. ఇవాళ్టి యంత్రాలు దాని మనుమలూ మునిమనుమలే. ఆనాడు రాసిన ప్రోగ్రాములు కొన్ని ఈనాటికీ వీటిమీద నడుస్తాయట. మన పాత సర్క్యులర్లు యాభై ఏండ్లకు కూడా చెల్లినట్టు. ఆ కంపెనీ 1978లో మన దేశం వదిలిపోతే, వాళ్ల యంత్రాల మరమ్మతు సి.ఎం.సి. అనే మన సర్కారు సంస్థ చేతికి వచ్చింది. తరువాత 2000 సంవత్సరం దగ్గరపడ్డప్పుడు వైటుకె గడబిడ వచ్చింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే రాశారు గనుక 2000 వస్తే దాన్ని 1900 అనుకుంటుందని భయం. దాన్ని సవరించడానికి జనం కావలసి వచ్చి అమీర్‌పేట వీధులు నిండిపోయాయి. మా పెద్దోడు కూడా 1998లో అక్కడ గది తీసుకొని కోబాల్, జె.సి.ఎల్. నేర్చినవాడే. ఫీజుకు నేను జి.పి.ఎఫ్. నుంచి అడ్వాన్సు తీశాను. ఆ దరఖాస్తు కూడా నా చేత్తోనే రాసుకున్నాను.

వాడిది సిస్టమ్ ప్రోగ్రామర్ ఉద్యోగం. అంటే లెక్కల ప్రోగ్రాములు రాసేవాడు కాదు. వాటిని నడిపే యంత్రాంగాన్నే చూసుకునేవాడు. మన భాషలో చెప్పాలంటే, ఫైలు నడిపే గుమాస్తా వేరు, ఆఫీసునే నడిపే హెడ్ క్లర్క్ వేరు. టపా ఎవరికి పంచాలి, రికార్డు రూములో ఏది ఎక్కడ ఉండాలి, బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి అని చూసేవాడన్నమాట. పని బాగా జరిగినన్నాళ్లు వాడున్నట్టు ఎవరికీ తెలియదు. ఏదైనా ఆగితేనే వాడి పేరు గుర్తొస్తుంది. ఈ మాట వినగానే సభలో కొందరు నవ్వుతున్నారు, వాళ్లంతా ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో పనిచేసినవాళ్లే అయివుంటారు!

వాడు చెప్పిన మొదటి ముచ్చట కార్డులది. వెనకటికి ప్రోగ్రాము అంటే అట్టముక్కల కట్ట. ఒక్కో కార్డుకు 80 గడులు, ఒక్కో కార్డు మీద ఒక్క పంక్తి. పెద్ద ప్రోగ్రామైతే వెయ్యి కార్డులు. ఆ కట్ట చేజారి కింద పడిందంటే అంతే సంగతులు. అందుకని తెలివైనవాళ్లు రెండు పనులు చేసేవారు. చివరి ఎనిమిది గడుల్లో, అంటే 73 నుంచి 80 దాకా, వరుస నంబరు కొట్టేవారు. ఇంకా తొందర ఉన్నవాళ్లు కట్టను బిగించి పట్టుకొని పైఅంచు మీద ఈ మూల నుంచి ఆ మూలకు పెన్సిలుతో ఏటవాలు గీత గీసేవారు. కార్డులు చెదిరినా గీతను చూసి సర్దుకోవచ్చు, ఒక్క కార్డు తప్పినా గీత విరిగినట్టు కనపడుతుంది.

కార్డులు పోయి ఎన్నో ఏండ్లయింది గాని ఆ గడుల లెక్క పోలేదు. ఇప్పటికీ జె.సి.ఎల్. రాసేటప్పుడు 71వ గడితో ఆపాలి. తరువాత రాసింది యంత్రం లెక్కలోకి తీసుకోదు. మావాడు కొత్తలో ఈ ఒక్క సంగతి తెలియక సగం రాత్రి పోగొట్టుకున్నాడట. మార్జిను దాటి రాయొద్దని మనల్ని ఎంతమంది తిట్టలేదు!

ఆ గీత సంగతి విని నాకు మా మొదటి పేష్కార్ సాబ్ గుర్తొచ్చారు. ఉర్దూలో చదువుకున్న పెద్దమనిషి. కరెంటు ఫైలుకు పేజీ నంబర్లు ఎర్ర సిరాతో వేయనిదే ముట్టేవారు కాదు. ఆయన ఇంకో పని చేసేవారు. కట్ట కట్టిన మిసిల్‌కు పక్క అంచుమీద నీలి పెన్సిలుతో గీత లాగేవారు. ఎందుకు సాబ్ అని అడిగితే, "బేటా, మధ్యలో కాగితం ఎవడన్నా గుంజితే గీత చెప్తది" అనేవారు. ఆయన పుట్టి బుద్ధెరిగి కంప్యూటర్ చూడలేదు.

ఇక తెరమీది కిటుకులు. వాళ్లు రాసుకునే పలకలాంటి దాన్ని ఐ.ఎస్.పి.ఎఫ్. అంటారు. అందులో అయిదువేల పంక్తుల జాబితా ఉందనుకోండి, మనకు కావలసింది అందులో ఏడు. మామూలువాళ్లు ఒక్కొక్కటి వెతుక్కుంటూ పోతారు. మావాడు మొదట 'ఎక్స్ ఆల్' అని కొడతాడు, పంక్తులన్నీ మాయం. తరువాత కావలసిన మాట పెట్టి 'ఫైండ్ ఆల్' అంటాడు, ఆ మాట ఉన్న పంక్తులు మాత్రమే బయటికి వస్తాయి. అన్నీ దాచిపెట్టి కావలసినవాటినే పిలవడమన్నమాట. నేను పే బిల్లులు చూసేటప్పుడు ఒక అట్టముక్కకు సన్నటి కిటికీ కోసుకొని, రిజిస్టరు మీద జరుపుకుంటూ ఒక్క వరుసే కనపడేట్టు చేసుకునేవాణ్ణి. పక్క వరుస అంకె ఈ వరుసలో పడే తప్పు దాంతో పోయింది. తోటివాళ్లు నవ్వేవారు గాని, ఆడిటు రోజున ఆ అట్టముక్క అడిగి తీసుకుపోయేవారు.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు మాత్రమే చూపే 'కంపేర్' అనేది ఇంకొకటి ఉంది. పోయిన నెల బిల్లు ఆఫీసు కాపీని ఈ నెల బిల్లు కింద పెట్టుకొని, మారిన పేర్లకే టిక్కు పెట్టుకోవడం మనకు తెలియనిదా? నూటయిరవైమంది బిల్లులో మారేది ఎనిమిదిమందిది. ఆ ఎనిమిదీ నాలుగుసార్లు చూడు, మిగతాది ఒకసారి చూడు అని నేను కొత్తవాళ్లకు చెప్పేవాణ్ణి.

పని నడిపేముందు పరీక్ష చేయడం వాళ్ల పద్ధతుల్లో పెద్దది. జె.సి.ఎల్.లో 'టైప్‌రన్ స్కాన్' అని ఒక మాట చేరిస్తే యంత్రం పని చేయదు, రాత తప్పులు మాత్రం చూసి చెప్తుంది. కంపెనీ నుంచి వచ్చిన సవరణలు ఎక్కించేటప్పుడు కూడా ముందు 'అప్లయ్ చెక్' అని ఉత్తుత్తి ఎక్కింపు చేసి చూస్తారు. అయితే మావాడు ఒక హెచ్చరిక చెప్పాడు. స్కాన్‌లో నెగ్గినంత మాత్రాన పని నెగ్గినట్టు కాదట. అది వ్యాకరణం చూస్తుందే గాని, నువ్వు చెప్పిన ఫైలు నిజంగా ఉన్నదా లేదా చూడదు. బిల్లు ఫారం అక్షరం తప్పు లేకుండా నింపి, పద్దులో బడ్జెట్ లేకుండా ట్రెజరీకి పంపినట్టు! నేను ట్రెజరీవాళ్లు వేసిన అభ్యంతరాలన్నీ ఒక నోటుబుక్కులో తారీఖులతో రాసుకునేవాణ్ణి. బిల్లు పంపేముందు ఆ పుస్తకం తెరిచి ఒక్కొక్కటీ ఈ బిల్లులో ఉందా అని చూసుకునేవాణ్ణి. రెండేండ్లలో నా బిల్లులు తిరిగి రావడం బాగా తగ్గింది. నా బదిలీ నాడు ఆ పుస్తకం నా తరువాతివాడికి ఇచ్చాను. వాడు దానిమీద టీ గ్లాసు పెట్టుకున్నాడని తరువాత తెలిసింది.

తప్పు దిద్దేటప్పుడు కూడా వాళ్లది మన సర్వీసు రిజిస్టరు నియమమే. చెరపరాదు, దానిమీద దిద్దరాదు, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టాలి. మావాడు కూడా పాత పంక్తిని తీసేయడు. అది నడవకుండా వ్యాఖ్యగా మార్చి, కింద కొత్తది రాసి, తారీఖు, తన పొడి అక్షరాలు, ఎందుకు మార్చాడో నాలుగు మాటలు పెడతాడు. యంత్రాన్ని లేపే నియమాలుండే పార్మ్‌లిబ్ అనేదాంట్లో చేయి పెట్టేముందు దాని నకలు తీసి పక్కన పెడతాడు. ఒక ఆదివారం పొద్దున మార్పు చేసి యంత్రాన్ని మళ్లీ లేపితే అది లేవలేదు. చూస్తే ఒక కామా తక్కువ. ఫోనులో అవతల నలుగురు కేకలు. వీడు పాత నకలు చూపి లేపాడు, పదినిమిషాల్లో అంతా సద్దుమణిగింది. వాడి చొక్కా మాత్రం తడిసిపోయింది. ఆ నకలు లేకపోతే సోమవారం నాడు అక్కడ ఎంతమంది జీతాలు ఆగేవో!

ఫైళ్ల తరాలు ఉంచుకునే పద్ధతి కూడా చెప్పాడు. ఇప్పటిది సున్నా, దానికి ముందుది మైనస్ ఒకటి, రాబోయేది ప్లస్ ఒకటి. ఎన్ని తరాలు ఉంచాలో ముందే చెప్తే, ఆ లెక్క దాటగానే అన్నిటికన్నా పాతది జాబితాలోంచి పోతుంది. మన ఆర్.డిస్. శాశ్వతం, డి.డిస్. పదేండ్లు, కె.డిస్. మూడేండ్లు, ఎల్.డిస్. ఒక ఏడాది. వాడికి ఇది చెప్తే, "బాపు, మీకు ఇవన్నీ ముందే తెలుసా!" అన్నాడు. ఎన్నడో తెలుసురా, మీరు అడగలేదు అన్నాను.

ఒక్కదాంట్లో మాత్రం వాడికీ నాకూ కుదరలేదు. మళ్లీ మళ్లీ చేసే పనికి వాళ్లు రెక్స్ అనే భాషలో చిన్న ప్రోగ్రాములు రాసుకుంటారు. మైక్ కౌలిషా అనే ఆయన 1979లో మొదలుపెట్టిన భాష అది. పది మెట్లు ఒక్క మాటతో అయిపోతాయి. మంచిదే. మనకూ రబ్బరు స్టాంపులు, సైక్లోస్టైల్ చేసిన ఫారాలు ఉండేవి. కాని స్టాంపు ఎక్కువైనచోట చదవడం తక్కువవుతుంది. నేను చూశాను. "చూసి ఆమోదించడమైనది" అన్న స్టాంపు చూడకుండా ఎంత సులువుగా పడుతుందో మీకందరికీ తెలుసు. వాడు నవ్వి, "గది నిజమే గని, పొద్దుగాల్ల నాలుగింటికి చేత్తో చేస్తే ఎక్కువ తప్పులు పోతయ్ బాపు" అన్నాడు. అదీ నిజమే కావచ్చు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఇంతవరకు నేను చేసిన మంచిపనులే చెప్పుకున్నాను. చేయని పని ఒకటుంది.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో, పేరు అవసరం లేదు, ఒక జవాను ఉద్యోగంలో ఉండగానే చనిపోయాడు. భార్యకు కుటుంబ పింఛను కాగితాలు నేనే తయారుచేసి పంపాను. 1982 డిసెంబరులో పైఆఫీసు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. సర్వీసు రిజిస్టరులో భార్య పేరు చివర 'అవ్వ' అని ఉంది, మీరు పంపిన ధ్రువపత్రంలో 'అమ్మ' అని ఉంది, ఇద్దరూ ఒకరేనా తెలపండి అని. ఒక్క పంక్తి జవాబు, ఒక్క సంతకం. ఆఫీసరుగారు క్యాంపులో ఉన్నారు, రాగానే పెడదామని పక్కకు పెట్టాను. పర్సనల్ రిజిస్టరులో ఎక్కించాను గాని రిమైండర్ డైరీలో రాయలేదు. 1983 జనవరిలో ఎన్నికలు. ఆ పని మీదపడి ఆ కాగితం ఏ కట్టకిందకు పోయిందో మరిచిపోయాను.

ఆ తల్లి ఎల్లారెడ్డి పక్క పల్లె నుంచి నెలకోసారి నడిచి వచ్చేది. ఆఫీసు ముందు వేపచెట్టు కింద కూర్చునేది. "ఏమన్న వచ్చిందా సారూ?" అని అడిగేది. నేను, "పైనుంచి జవాబు రాలేదమ్మా, రాగానే చెప్తా" అనేవాణ్ణి. అబద్ధం ఆడుతున్నానని నాకు తెలియదు. నిజంగా అట్లనే అనుకున్నాను. జవాబు రావలసింది పైనుంచి కాదు, నా బల్ల మీదినుంచి. వాళ్లు మాకోసం చూస్తున్నారు, నేను వాళ్లకోసం చూస్తున్నాను, ఆమె నాకోసం చూస్తున్నది. మధ్యలో ఆమె ఇంటి బర్రెను అమ్ముకున్నది.

అక్టోబరులో తనిఖీ ఉందని బీరువా దులిపితే ఆ కాగితం బయటపడింది. అదేరోజు నేనే చేతపట్టుకొని పోయి జవాబు ఇచ్చి వచ్చాను. తరువాత రెండు నెలల్లో పింఛను మంజూరైంది, బకాయిలతో సహా. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. తప్పెక్కడ జరిగిందో ఎవరూ అడగనూ లేదు. కాగితం దొరికిన వారంలోనే, ఇంకా ఏమీ చేతికి రాకముందే, ఆమె వచ్చింది. జవాబు పంపానమ్మా, ఇక వస్తుంది అన్నాను. కొంగులో మూటకట్టి తెచ్చిన సీతాఫలాలు నా బల్ల మీద పెట్టి, "మీ పుణ్యం సారూ" అన్నది. కాగితం నా దగ్గరే ఉండిపోయిందని ఆమెతో అప్పుడు చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళే మొదటిసారి నలుగురిలో చెప్తున్నాను.

మావాడి తెరమీద ఒకటి చూసి ఇదంతా గుర్తొచ్చింది. మెయిన్‌ఫ్రేమ్‌లో ఏదైనా పనికి మనిషి జవాబు కావలసివస్తే యంత్రం ఒక నంబరు వేసి ప్రశ్న అడుగుతుంది. జవాబిచ్చేదాకా ఆ పని అక్కడే నిలబడి ఉంటుంది. మిగతా సందేశాలు తెరమీద పైకి జరిగి పోతుంటాయి గాని, జవాబు బాకీ ఉన్నది మరుగునపడిపోకుండా చూస్తుంది. పైగా 'డి ఆర్ కామా ఎల్' అని కొడితే జవాబు బాకీ ఉన్నవన్నీ జాబితాగా చూపుతుంది. మావాడు డ్యూటీ ఎక్కగానే టీ కూడా తాగకముందు కొట్టేది అదే. "ఎందుకురా రోజూ, ఏమీ లేకపోయినా?" అన్నాను. "కొందరు కంప్యూటర్ స్లోగుందని గంటలు గంటలు ఎదుకుతరు బాపు. అది స్లోగ లేదు. మనల్ని ఏదో అడిగి ఊకున్నది, మనమే చూస్తలేం" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

సరే, ఇప్పుడు మన ఇండ్ల సంగతి. ఎల్లారెడ్డి, కామారెడ్డి తాలూకాలుగా ఉన్న కాలం పోయింది. 1985లో మండలాలు వచ్చాయి, 2016 అక్టోబరు 11న కామారెడ్డే జిల్లా అయింది. మన కాగితాలు ఎన్ని ఆఫీసులు, ఎన్ని బీరువాలు మారాయో ఊహించండి. ఇప్పుడు అవి కంప్యూటర్‌లోకి ఎక్కాయి. ఎక్కించినవాడు మనలాంటి మనిషే, ఉన్నదున్నట్టు ఎక్కించాడు. 'అవ్వ', 'అమ్మ' తేడా అందులోనూ అట్లనే ఉంటుంది. మనం ఉన్నన్నాళ్లు ఆ తేడా ఎవరికీ అడ్డం రాదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం, పింఛను పడుతుంది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుంచి వేలిముద్రతోనే ఆ పని అయ్యే దారి కూడా ఏర్పడింది. మనం పోయిన మరునాడు ఆ తేడా లేచి కూర్చుంటుంది. అప్పుడు వేపచెట్టు కింద కూర్చునేది ఈ వెనుక వరుసల్లో ఉన్న అమ్మలే.

కాబట్టి ఇంటికి పోగానే పి.పి.ఓ. తీయండి. అందులో మీ ఇల్లాలి పేరు ఎట్లా ఉందో చూడండి. ఆమె ఆధార్ తీసి పక్కన పెట్టండి, బ్యాంకు పాసుబుక్కు కూడా పెట్టండి. అక్షరం అక్షరం పోల్చండి. పుట్టిన తేదీలు కూడా చూడండి. వయసును బట్టి ఇచ్చే అదనపు పింఛనుకు ఆ తేదీయే ఆధారం. తేడా ఉంటే మీ చేత్తోనే, మీరు బతికుండగానే దరఖాస్తు పెట్టండి. ఇచ్చిన దరఖాస్తు నకలు మీద తారీఖుతో సహా ముద్ర వేయించుకోండి. దాన్ని ఒక నోటుబుక్కులో ఎక్కించి, జవాబు రాలేదంటే ఏ రోజున మళ్లీ పోవాలో పక్కన రాసుకోండి. అడిగింది మనమా, వాళ్లా అన్నది కూడా రాసుకోండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకో ఇప్పుడే చెప్పాను. ఆ నోటుబుక్కు ఎక్కడ పెట్టారో ఇంట్లో ఆమెకు చూపించండి. చెప్పడం కాదు, చూపించండి.

రాయడం రానివాళ్లు, చూపు ఆననివాళ్లు ఉంటారు. కార్యదర్శిగారి అనుమతితో వచ్చే నెల మొదటి సోమవారం పదింటి నుంచి నేను మన సంఘం ఆఫీసులో కూర్చుంటాను. ఆ తరువాతి సోమవారం ఎల్లారెడ్డిలో కూర్చుంటాను, పొద్దుటి బస్సుకు వస్తాను. పి.పి.ఓ., ఆధార్, పాసుబుక్కు, మూడింటి నకళ్లు తెండి. దరఖాస్తు నేను రాసిపెడతాను. రిజిస్టరు ఒకటి ఇప్పటికే కొన్నాను. సంతకం పెట్టేటప్పుడు ఇబ్బంది పడకుండా ఎవరి కళ్లద్దాలు వాళ్లు తెచ్చుకోండి. నావి ఎవరికీ సరిపోవు.